తువ్వాలు విసిరే మనిషి

ఈ దేశంలో తాలింపు పెడితే ఇల్లు అరుస్తుంది. షాంటిలీ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో కాబూలీ శనగల కూర చేస్తూ ఎండుమిరపకాయలు నూనెలో వేశానో లేదో, కప్పుకి బిగించిన పొగ అలారం కూత పెట్టింది. నేను మూకుడు వదిలేసి వాకిట్లోకి పరిగెత్తాను. మా ఇంటాయన మాత్రం భుజం మీది తువ్వాలు తీసి, అలారం కింద నిలబడి విసరడం మొదలుపెట్టాడు.

ఆనాటి నుంచి ఆ పని ఆయనదే. అలారం మోగితే చాలు, ఏ గదిలో ఉన్నా తువ్వాలు దులుపుకుంటూ వచ్చేవాడు.

"కానియ్యవే, నేనున్నాగా."

"దేవుడికి వింజామర వీస్తున్నట్టుంది మీ వరస."

"ఏ దేవుడూ ఇంత గోల చెయ్యడులే."

ఆయన పోయాక మిరపకాయలు సన్నసెగ మీదే వేయిస్తున్నాను. అలారం మోగదు. కూరకి ఘాటూ రాదు. మొన్న మనవరాలు తింటూ, "అమ్మమ్మా, తాతయ్య ఉన్నప్పుడు టేస్ట్ ఇలా లేదు," అంది.

నిన్న ఉడికిన శనగలు పక్కన పెట్టుకుని, మంట పెద్దది చేసి మిరపకాయలు వేశాను. అలారం మోగింది. మనవరాలు మేడ మీంచి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, టవల్ ఎక్కడ? నేను ఊపుతా."

"ఉండవే, కాసేపు అరవనియ్."

గరిటె పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ కూత విని ఆయన రాని రోజు లేదు.