మా పిన్ని సవతి

మా బాబాయి మెడలోంచి టేపు తియ్యడం నేను రెండే సందర్భాల్లో చూశాను. ఒకటి స్నానానికి వెళ్లేటప్పుడు, రెండోది కారు కిందికి దూరేటప్పుడు. వీధిలో ఆయన అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు గాని, "టేపుగారి కొట్టు" అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. బట్టలు కుట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. కారు బాగుచెయ్యడంలో మాత్రం చెయ్యి కాల్చుకున్నవాడు. అయినా ఆ రెండో పని మీదే ఆయనకి మోజెక్కువ.

నేను వాళ్ల మేడమీది వాటాలో ఉంటాను. బాబాయి ప్రతిదానికీ నా అభిప్రాయం అడుగుతాడు, నేను చెప్తాను, ఆయన వినడు. మా ఇద్దరికీ ఇలా హాయిగానే సాగిపోతోంది.

కారు పెళ్లికి ముందునుంచీ ఉంది. గోధుమరంగు, గుండ్రటి లైట్లు, నాలుగు తలుపుల్లో ఒకటి లోపలినుంచే తెరుచుకుంటుంది. పిన్ని దాన్ని "నా సవతి" అంటుంది. "మీ బాబాయి ఏడీ?" అంటే "నా సవతి దగ్గర" అని మొహంలో నవ్వు కనిపించనివ్వకుండా చెప్తుంది. పిన్ని ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. డ్యూటీ ఎప్పుడూ పొద్దుటి వేళే. ఇంకా చీకటి విడవకముందే బాబాయి కారు తీస్తాడు, ఆవిణ్ని ఆసుపత్రి గేటు దగ్గర దింపుతాడు, వచ్చి కొట్టు తెరుస్తాడు. ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆయన మిషన్ మీద ఉంటాడు. ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది. ఇన్నేళ్లుగా వాళ్ల సంసారం ఆ కారులోనే నడుస్తోందంటే అబద్ధం కాదు.

ఆ శుక్రవారం సగం దారిలో బాబాయి క్లచ్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయి మళ్లీ పైకి రాలేదు. గేరు పడదు, పడింది ఊడదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఎడమ వైపు లైటు ముందు నెలనుంచే గుడ్డిదీపం అయిపోయి ఉంది. పిన్ని దిగి, చెప్పులు తెగేలా నడిచి ఆసుపత్రికి చేరింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పెద్ద నర్సమ్మ అందరి ముందూ నాలుగు మాటలు అంది. ఆ నాలుగూ పిన్ని మధ్యాహ్నం ఇంటికొచ్చి నలభై చేసి బాబాయికి అప్పజెప్పింది.

"చూడండి, ఆదివారం చీకటిపడేలోగా ఇది నడిచిందా, సరే. లేదా, సోమవారం నుంచి నేను బస్సెక్కుతా. దీన్ని తుక్కువాడికి ఇచ్చెయ్యండి. ఇంక దీని గురించి నా దగ్గర మాట్లాడొద్దు."

బాబాయి టేపు రెండు కొసలూ సమానం చేసుకుంటూ నిలబడ్డాడు.

తోయించుకుని ఇంటికి చేర్చిన కారుని సాయంత్రం వీధి చివరి షెడ్డులోంచి మెకానిక్ వచ్చి చూశాడు. బానెట్ కింద క్లచ్ నూనె ఉండే చిన్న డబ్బా మూత తీసి, వేలు ముంచి, వాసన చూసి, బాబాయి మొహంలోకి చూశాడు.

"టేపుగారూ, ఇందులో ఏం పోశారు?"

"నూనె."

"ఏ నూనె?"

"మిషన్ నూనె. మంచిదే. నేను వాడేదే" అన్నాడు బాబాయి కొంచెం గర్వంగానే.

మెకానిక్ నవ్వు ఆపుకోవడానికి బానెట్ మీద చెయ్యి ఆనించాడు. అసలు సంగతేమిటంటే, ఈ కారులో క్లచ్‌కి తీగ లేదు, నూనె ఉంది. పెడల్ దగ్గర ఒక సిలిండరు, కింద గేరుబాక్సు దగ్గర ఇంకొకటి, మధ్యలో సన్నటి పైపు. పైన తొక్కితే నూనె కింద తోస్తుంది. ఆ సిలిండర్లలో రబ్బరు వాషర్లు ఉంటాయి. వాటికి పడేది బ్రేకు నూనె ఒక్కటే. కుట్టుమిషన్ నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, పనికిరాకుండా పోతాయి. ప్రపంచంలో ఎంతమంది క్లచ్ పాడుచేసుకున్నారో నాకు తెలీదు గాని, బట్టలు కుట్టేవాడు తప్ప ఇంకెవడూ ఇలా పాడుచేసుకుని ఉండడు.

"ఈ మోడల్ మేం ముట్టుకోవడం మానేశాం సార్. పిన్నిగారు చెప్పినట్టే చెయ్యండి" అని మెకానిక్ చేతులు దులుపుకున్నాడు. వీధిలో అందరికీ ఆవిడ పిన్నిగారే.

మెకానిక్ వెళ్లాక మేం మెట్ల మీద కూర్చున్నాం. "పోనీ బాబాయ్, కారు లేకపోతే కొంపలేం మునగవు కదా. బస్సులో వెళ్తుంది" అన్నాను.

"వెళ్తుందే. రెండు బస్సులు మారాలి, అయినా వెళ్తుంది. దానికేం" అన్నాడు. తరవాత కాసేపు టేపు వేలికి చుట్టాడు, విప్పాడు. "మేం ఇద్దరం మాట్లాడుకునేది ఆ కాసేపే అమ్మాయ్. అదీ పోతే, ఒకే ఇంట్లో ఉండి ఒకళ్ల గురించి ఒకళ్లం నిన్నడిగి తెలుసుకోవాలి."

అభిప్రాయం పక్కనపెట్టి, రబ్బరు వాషర్లు వెతకడానికి పాత సామాన్ల బజారుకి నేనూ తోడు వస్తానన్నాను.

ఆ వారం శని, ఆదివారాలు పిన్నికి సెలవు. బాబాయి కొట్టు మూసి, టేపు మేకుకి తగిలించి, శనివారం లైటుతో మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి చూస్తే నవ్వొస్తుంది గాని వంక పెట్టలేం. విప్పే ప్రతి మరనీ దర్జీ సుద్దతో గుర్తుపెడతాడు. విప్పినవి బొత్తాల డబ్బాలో వేస్తాడు. ఆ తరవాతి వారం ఒక పెద్దమనిషి కోటుకి బొత్తాం బదులు ఇత్తడి వాషరు కుట్టి పంపాడు. అది వేరే గొడవ.

లైటుకి కొత్త బల్బు వేశాడు. గుడ్డిదీపమే. ఇంకో బల్బు వేశాడు. అదీ అంతే. పిన్ని బట్టలు ఆరేస్తూ, "కళ్లజోడు మార్చి చూడండి, బల్బులు ఎందుకు" అంది. బాబాయి బల్బు వెనకనుంచి వచ్చే నల్లతీగని వేలితో తడుముకుంటూ, బట్టలో తెగిన పోగు వెతికినట్టు, మడ్‌గార్డు లోపలిదాకా వెళ్లాడు. అక్కడ, ఆ తీగ కారు రేకుకి బిగించిన చోట, తుప్పు పట్టి పొడి రాలుతోంది. ఎర్త్ పోయింది.

"ఇదీ సంగతి! కరెంటు వెళ్తే చాలదమ్మాయ్, తిరిగి రావాలి. తిరిగొచ్చే దారి మూసుకుపోయింది" అన్నాడు, అదేదో తనే కనిపెట్టినట్టు.

రేకు తళతళలాడేదాకా గరుకుకాగితంతో రుద్దాడు. తీగ కొస కత్తిరించి, కొత్త రాగిపోగులు మెలేసి, కొత్త మరతో బిగించాడు. స్విచ్ వెయ్యగానే గోడమీద రెండు గుండ్రాలూ ఒకే తెలుపులో పడ్డాయి. ఆరేసిన చీర వెనకనుంచి పిన్ని తల ఒకసారి బయటికి వచ్చి లోపలికి వెళ్లింది. ఏమీ అనకపోవడం ఆవిడ దగ్గర పెద్ద మెప్పు.

ఆదివారం క్లచ్ పని. పొద్దున్నే రెండు సిలిండర్లూ ఊడదీసి, చీపురుపుల్లకి గుడ్డ చుట్టి లోపల తుడిచి, ఉబ్బిన రబ్బర్లు పారేసి కొత్తవి వేశాడు. పైపు కడిగాడు. సరైన నూనె పోశాడు. ఇంక మిగిలింది గాలి తియ్యడం. పైపులో గాలి బుడగ ఉందంటే తొక్కినప్పుడు గాలే అణుగుతుంది, నూనె కదలదు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కారు కింద పడుకుని, సిలిండరుకున్న చిన్న నట్టు వదులు చేసి, గాలి బయటికి పోనిచ్చి, మళ్లీ బిగించాలి. అది బిగిశాకే పైనున్న మనిషి కాలు తియ్యాలి.

ముందురోజు బజారులో నాకు కాలు బెణికింది. బాబాయి కారు కిందనుంచే, "ఇదిగో, ఒక్కసారి వస్తావా?" అని పిలిచాడు. పిన్ని చీరకొంగు దోపుకుని వచ్చి సవతి ఒళ్లో కూర్చుంది.

"తొక్కు!"

"తొక్కా."

"పట్టుకో!"

"పట్టుకున్నా."

"వదులు!"

ఇలా ఎంతసేపు సాగిందో చెప్పలేను. నూనె డబ్బా ఖాళీ అవుతోంది, బాబాయి మళ్లీ పోస్తున్నాడు. మళ్లీ తొక్కు, పట్టుకో, వదులు. పెడల్ మాత్రం దూదిపరుపు తొక్కినట్టే ఉంది. మధ్యాహ్నం దాటింది. బాబాయి బయటికి వచ్చి, కొత్త రబ్బర్లు తిరగేసి వేశానేమోనని అన్నీ విప్పి చూశాడు. సరిగానే ఉన్నాయి. మళ్లీ బిగించాడు. మళ్లీ తొక్కు, పట్టుకో, వదులు. పొద్దు వాలుతోంది. పాపం, ఆయన చూస్తున్నది క్లచ్‌ని కాదు, గోడమీద జారిపోతున్న ఎండని.

"వదులు!" అన్నాడు మళ్లీ.

"వదిలేశా."

"అప్పుడే ఎలా వదిలావ్?"

"మీరు వదలమన్నారు, వదిలా."

"నేను వదలమనలేదే! వదులు అన్నాను!"

పిన్ని తలుపులోంచి సగం వంగి కిందికి చూసింది. "ఏమండీ, మీరేమన్నారో మళ్లీ చెప్పండి."

"వదులు. నట్టు వదులు చేశాను అని చెప్తున్నా. నడుం దగ్గర వదులు, భుజం దగ్గర బిగుతు అనమూ? ఆ వదులు."

నాకు నవ్వాగలేదు. జీవితమంతా జనాల నడుములు కొలుస్తూ బతికిన మనిషికి వదులు అంటే బట్ట తీరు. జీవితమంతా పసిపిల్లల చేతులు పట్టుకుని సూది వేసే మనిషికి వదులు అంటే చెయ్యి తియ్యమని. ఆయన నట్టు తెరిచినప్పుడల్లా ఈవిడ కాలు తీసేస్తోంది. బయటికి పోయిన గాలంతా ఎంచక్కా లోపలికి వచ్చి కూర్చుంటోంది. పొద్దుట్నించి మొగుడు గాలి తీస్తుంటే పెళ్లాం గాలి కొడుతోందన్నమాట.

"ఏ వదులో చెప్పొద్దూ! పెడల్ వదులా, నట్టు వదులా?" అంది పిన్ని. కోపమూ నవ్వూ కలిసి ఆవిడకి కళ్లనీళ్లు వచ్చేశాయి. "గాలి బుడగ లోపలికి పోకూడదని నాకా మీరు చెప్పేది? ఆ పైపు సెలైనుకని చంటిపిల్ల చేతికి పెట్టి ఉంటే ఈపాటికి నా ఉద్యోగం ఊడేది. ఉండండి. ఇకనుంచి నేను చెప్తా, మీరు చెయ్యండి."

ఆవిడ వార్డు గొంతు బయటికి తీసింది. "తొక్కాను. తెరవండి. బుడగ వచ్చిందా? ముయ్యండి. మూశారా? మూశాను అనండి. ఇప్పుడు నేను కాలు తీస్తున్నా." మధ్యలో దిగి వచ్చి, పైనున్న డబ్బా దగ్గర పైపుని గోటితో టకటక కొట్టింది. అతుక్కున్న బుడగలు పైకి తేలాయి. బాబాయి కారు కిందనుంచి బుద్ధిమంతుడిలా "మూశాను, మూశాను" అంటూనే ఉన్నాడు. ఆ ఒక్క మాటతో సంసారాలు ఎంత సుఖంగా సాగుతాయో అప్పుడు తెలిసింది.

గోడమీద ఎండ పూర్తిగా పోకముందే పెడల్ గట్టిపడింది. బాబాయి గేరు వేసి కారుని గేటుదాకా నడిపి, వెనక్కి తెచ్చాడు. ఇంజను ఆపి మాకు పాఠం చెప్పాడు. ఇంజను నడుస్తున్నంతసేపూ లైట్లు ఎంతసేపు వేసుకున్నా బ్యాటరీ దిగదట, ఇంజను ఆపితేనే భయమట. పిన్ని "ఆహా" అని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున నన్నూ ఎక్కించుకున్నారు. ఎక్కడైనా ఆగితే తొయ్యడానికి, కాలు బెణికినదైనా సరే, ఒక మనిషి ఉండాలని బాబాయి ముందుచూపు. వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాను. వాళ్లు రోజూ ఏం మాట్లాడుకుంటారోనని చెవులు రిక్కించాను కూడా. తీరా చూస్తే మాట్లాడేదంతా పిన్నే. పక్కింటి కుక్క ఎందుకు ఏడ్చిందీ, వార్డులో బరువు పెరగని పిల్ల ఎంత పెరిగిందీ, కిటికీ తెరకి ఏ రంగు బాగుంటుందీ. బాబాయి అన్నిటికీ "ఊఁ" అన్నాడు. ఆయన చెప్పిన మాట్లాడుకోవడం ఇదన్నమాట. కానీ ఒక్క ఊఁ ఇంకో ఊఁలా లేదు. పిల్ల బరువు పెరిగిందన్నప్పటి ఊఁ విని పిన్ని ఆయన వైపు తిరిగి నవ్వింది. ముందు రోడ్డంతా రెండు లైట్లూ సమానంగా పరుచుకుని ఉన్నాయి. నాకు ఆ కారులో చాలా సుఖంగా అనిపించింది, కాళ్లు పట్టకపోయినా.

ఆసుపత్రి గేటు దగ్గర, నర్సుల్ని తెచ్చే పెద్ద తెల్లబస్సు ఆగి ఉంది. అందులోంచి నర్సులు దిగుతున్నారు. వాళ్లలో ఒకావిడ మా కారు చూసి గబగబా కిటికీ దగ్గరికి వచ్చింది.

"అయ్యో, కారు బాగైపోయిందా! శుక్రవారం నడిచి వచ్చావని, ఇవాళ మీ మలుపులో బస్సు ఆపించాను. నువ్వు రావేమిటా అని డ్రైవరు ఒకటే హారన్."

బాబాయి తల ఇటు తిప్పాడు. "మా మలుపు మీదుగా వస్తుందా ఈ బస్సు?"

"అదేమిటండీ, కొత్త వార్డు కట్టినప్పట్నించీ వస్తోందిగా! ఈవిడకి చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పెట్టాయి. ఎప్పుడడిగినా 'మాకు కారుంది' అంటుంది" అని ఆవిడ గంట వినపడి పరిగెత్తింది.

కొత్త వార్డు గోడలకి అప్పటికే రంగు వెలిసిపోయింది. బాబాయి ఆ గోడని చూశాడు, పిన్నిని చూశాడు. పిన్ని సంచీ తీసుకుని, లోపలినుంచే తెరుచుకునే ఆ తలుపు తెరుచుకుని దిగింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు.

"లైట్లు ఆర్పండి. బ్యాటరీ దిగిపోతుంది" అంది.

ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

బాబాయి క్లచ్ తొక్కి పట్టుకుని, గేరు వేసి, అలాగే ఉండిపోయాడు. వెనక ఏదో బండి హారన్ కొట్టింది. ఇంకోటి కొట్టింది.

"బాబాయ్, వదులు" అన్నాను.

"ఏ వదులు?" అన్నాడు, కళ్లు తుడుచుకోవడానికి టేపు కొస వెతుక్కుంటూ.