గుడ్డ కప్పి విన్న పిట్ట

మా పెద్దనాయన పోయిన సోమవారం తాండూరులో కన్నుమూశాడు. తన పంజరంలోని పిట్టను ఉగాదినాడు వదిలేయమన్నది ఆయన చివరి మాట. అది ఎగిరిపోతే ఆయన గెలుపుకు సాక్ష్యం ఉండదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన పిట్టలు పట్టి అంగడిలో అమ్మేవాడు. కొత్త పిట్ట దొరికితే ముందు పంజరానికి గుడ్డ కప్పి కూత వినేవాడు. ఆ తర్వాతే చూసేవాడు. "కన్నుకు ఆత్రం ఎక్కువ బిడ్డ. చెవికి ఓపిక ఉంటది" అనేవాడు.

ఒక ఎండాకాలం అనంతగిరి సీతాఫలం పొదల్లోంచి ఒక పిట్టను తెచ్చాడు. రొమ్ము మీద పొలుసులు, తోక మొదట్లో తెలుపు మామూలు పిగిలిపిట్టవి, అంటే బుల్బుల్‌వి. నిక్కిన జుట్టు, చెంపమీద ఎర్రమచ్చ ఇంకో జాతి బుల్బుల్ అయిన తురాయి పిగిలివి.

"రెండు జాతులు కలిసి పుట్టింది" అన్నాడు.

అంగడిలో తోటి వ్యాపారి నవ్వాడు. "ఏందన్నా, కుంకుమ ఏడ కొన్నవ్? జర నాకు గూడ పెట్టు." చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. బతుకంతా ఒక్క పిట్టకూ రంగు పూయని మనిషి, ఆ రోజు నుంచి అంగడికి పోవడం మానేశాడు.

మా ఇంట్లో మొదట బడికి పోయింది నేను. వికారాబాద్ బడిలోని పుస్తకాలన్నీ వెతికి వచ్చి చెప్పాను. "ఇసొంటి పిట్ట ఏ బుక్కుల లేదు పెద్దనాయనా."

"లేకుంటే నువ్వు రాయి. సదువు ఎందుకు మరి?"

రాశాను. రోజూ పొద్దున్నే గుడ్డ కప్పి విన్నాను. మొదలు పిగిలిపిట్ట బొంగురు గొంతు, చివర తురాయి పిగిలి ఈల. వానలు తగ్గాక అది ఈకలు రాల్చింది. చెంప బోడిదైంది. నాకు భయం వేసింది. ఆయన మాత్రం పండు ముక్కలు వేస్తూ కూర్చున్నాడు. కొన్నాళ్లకు కొత్త ఈకలు మొలిచాయి. ఎర్రగానే.

రాలిన ఈకలు నోటుబుక్కులో అతికించి, పంజరంతో అంగడికి పోయాం. ఆ వ్యాపారి వేలు తడిపి చెంప రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. పెద్దనాయన గుడ్డ కప్పి, "ఇగ ఇను" అన్నాడు. పిట్ట రెండు గొంతులతోనూ కూసింది.

"నేనే తప్పన్నా" అన్నాడు వ్యాపారి.

ఆ రోజు పెద్దనాయన పంజరం నెత్తిన పెట్టుకుని అంగడంతా రెండుసార్లు తిరిగాడు. ఏమీ కొనలేదు, అమ్మలేదు.

ఇటువంటి పిట్టను మీరెక్కడైనా చూసి ఉంటే, లేదా నా మాట నమ్మకపోతే, ఉగాదిలోగా ఈ పత్రికకు రాయండి. వీలైతే వచ్చి వినండి. పంజరం ఆయన మంచం పక్కనే ఉంది. గుడ్డ మాత్రం, పిట్ట కూసిన తర్వాతే తీస్తాను.