ఖాళీగా వదిలిన రెండు గడులు

పరీక్షలు నెల రోజులు కూడా లేవనగా, వారం మధ్యలో, హాస్టల్ నుంచి పెట్టెతో సహా ఇంటికొచ్చేసిన పిల్లను చూస్తే ఎవరికైనా ముందు ఒళ్ళు మండుతుంది. చెంగయ్యకూ మండింది. మదనపల్లెలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం ఆయనది. సాయంత్రం బస్సు దిగి పుంగనూరు ఇంటికి వచ్చేసరికి, కుప్పంలో డిగ్రీ చదువుతున్న మేనకోడలు అనూష వాకిట్లో పెట్టె మీద కూర్చుని ఉంది.

"యాల వస్తివి?" అన్నాడు.

ఆమె మడతపెట్టిన కాగితం ఒకటి చేతికిచ్చింది.

నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు వికీలో, వాళ్ళ కులం గురించిన పేజీకి ప్రింటు అది. ఎవరో దాన్ని హాస్టల్ భోజనాల గది తలుపుకు అంటించారు. ఒక వాక్యం కింద ఎర్రగీత గీశారు. "వీరికి దొంగతనమే కులవృత్తి; ఊహ తెలిసిన నాటినుండియే పిల్లలకు నేర్పుదురు." ఆ కులం పేరు ఇక్కడ రాయనక్కర లేదు. రాయవలసినదానికంటే ఎక్కువే రాసిపెట్టారు ఇప్పటికే.

"ఇది పోయేదాకా నేను ఆ హాస్టలు గడప తొక్కను మామా. పరీక్ష పోతే పోనీ."

ఏడవలేదు ఆ పిల్ల. ఏడ్చి ఉంటే ఓదార్చడానికైనా వీలుండేది.

ఆ ఇంట్లో పరీక్ష పోతే పోనీ అనడం మామూలు మాట కాదు. చెంగయ్య తల్లి పాపక్క వెదురు బద్దలు చీల్చి గంపలల్లి పుంగనూరు సంతలో అమ్మింది. ఆమె వేళ్ళ మీద కోతలు మానిన రోజు లేదు. వీధిలో ఎవరింటి కోడి కనిపించకపోయినా ముందు వాళ్ళ వాకిట్లోకే వచ్చి తొంగిచూసేవాళ్ళు. చెంగయ్య 1994లో లైబ్రరీలో అటెండరుగా చేరి, దుమ్ము దులిపిన పుస్తకాన్నల్లా చదివి, ప్రైవేటుగా డిగ్రీ కట్టి, పదేళ్ళకు అసిస్టెంటయ్యాడు. అనూషను కుప్పంలో చేర్చిందీ ఆయనే.

మర్నాడు సెలవు పెట్టి, బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని, వికీలో పేరు నమోదు చేసుకుని ఆ వాక్యం కొట్టేశాడు. టీ తాగి వచ్చేసరికి వాక్యం మళ్ళీ ఉంది. మళ్ళీ కొట్టేశాడు. మళ్ళీ వచ్చింది. తిరిగి పెడుతున్నది భీమరావు అనే ఆయన, హైదరాబాదులో రిటైరైన ఇంజనీరు. వికీలో ఆయన మాటకు పెద్దరికం ఉంది. పేజీ వెనక చర్చలో ఎంతో మర్యాదగా రాశాడు: "అయ్యా, మూలం ఉన్న వాక్యాన్ని తొలగించకండి. ఇది పాత విజ్ఞానసర్వస్వం నుంచి తీసుకున్నది. అడుగున మూస చూడండి."

"మా అమ్మ యాభై ఏళ్ళు గంపలల్లింది. అదే నా మూలం," అని చెంగయ్య టైపు చేశాడు.

"వ్యక్తిగత అనుభవం మూలం కాదండీ. ఇంకొకసారి తొలగిస్తే మీ ఖాతాను నిలిపివేయవలసి వస్తుంది."

అండీ అట! చెంగయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టేవాణ్ణి తిట్టొచ్చు, కొట్టేవాణ్ణి కొట్టొచ్చు. మీరు దొంగలనడానికి నా దగ్గర పేజీ నంబరుందండీ అనేవాణ్ణి ఏం చేయాలి?

ఆ మంటలోనే మూసను తెరిచి చూశాడు. మూస అంటే ఖాళీ గడులున్న చట్రం. ఈ మూసను ఆ పాత విజ్ఞానసర్వస్వం కోసమే తయారుచేశారు. వ్యాసం, సంపుటం, పేజీ, రచయిత, సంవత్సరం అని అయిదు గడులు. అవి నింపితే మూలం అడుగున పొందికగా కనిపిస్తుంది. భీమరావు మొదటి మూడే నింపాడు. ఎవడన్నాడో లేదు, ఎప్పుడన్నాడో లేదు. అందుకే ఆ మాట సాక్షాత్తూ దేవుడు నిన్ననే అన్నట్టుగా ఉంది.

ఆ సంపుటాలు మదనపల్లె లైబ్రరీలోనే ఉన్నాయి. చెంగయ్య వెతకనక్కర లేదు. ఆ పేజీ తొంభై ఆరులోనే చదివాడు. చదివి, సిగ్గుతో చచ్చిపోయి, ఎవరి చేతికీ అందకుండా సంపుటాలన్నీ పైఅరలోకి ఎక్కించాడు. అదే పెద్ద ఘనకార్యమనుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు నిచ్చెన వేసుకుని తానే దించుతుంటే భీమరావు మీదకన్నా తనమీద ఎక్కువ కోపమొచ్చింది.

వ్యాసం చివర రెండు పొడి అక్షరాలున్నాయి. అవి ఎవరివో ఆఖరి సంపుటంలోని రచయితల పట్టికలో దొరికింది. ఒక పోలీసు అధికారివి. ఆ కులంవాళ్ళను పిల్లాజెల్లాతో సహా కంచె వేసి ఉంచిన సెటిల్మెంటుకు సూపరింటెండెంటుగా చేశాడాయన. అచ్చయిన సంవత్సరం 1938. కాపలావాడు ఖైదీల గురించి రాసుకున్న మాటను డెబ్బై ఏళ్ళ తర్వాత, ఒక ఆడపిల్ల అన్నం తినే గది తలుపుకు అంటించారు!

చెంగయ్య అంతటితో ఆగలేదు. మూడు రోజులు సంపుటాలన్నీ తిరగేశాడు. "ఉప్పు" అనే వ్యాసంలో, వేరే రచయిత రాసినదానిలో, ఇంకో సంగతి కనబడింది. సముద్రతీరం నుంచి ఈ కొండసీమకు గాడిదల మీద ఉప్పు మోసుకొచ్చింది వీళ్ళేనట. షావుకార్లు వెంట మనిషినైనా పంపకుండా సరుకు అప్పగించేవాళ్ళట. దొంగలన్నదీ ఆ పుస్తకమే, నమ్మకస్తులన్నదీ ఆ పుస్తకమే. భీమరావుకు మొదటిదొక్కటే కంటికి ఆనింది.

ఆదివారం మళ్ళీ నెట్ సెంటరుకు వెళ్ళాడు. ఈసారి వాక్యాన్ని కొట్టెయ్యకుండా తిరగరాశాడు. వీరికి దొంగతనమే కులవృత్తి అని, వీరిని నిర్బంధించిన సెటిల్మెంటు అధికారి 1938లో రాశాడని, ఆ అధికారి పేరుతో సహా పెట్టాడు. మూసలో అయిదు గడులూ నింపాడు. కింద ఉప్పు సంగతి రాసి, దానికీ అదే మూస పెట్టి, అయిదు గడులూ నింపాడు.

గంటలో భీమరావు జవాబు వచ్చింది: "చక్కటి మూలాలు. ధన్యవాదాలండీ. ఇలాగే రాస్తూ ఉండండి."

తప్పయిందన్న మాట ఒక్కటి లేదు. చెంగయ్య కుర్చీ వెనక్కి తోసి లేచి, ప్రింటు తీసుకుని ఇంటికొచ్చాడు.

అనూష రెండుసార్లు చదివింది. "అయితే ఆ మాట తీయలేదా మామా?"

"తీస్తే మళ్ళా పెడతాడు. అన్నోని పేరు రాసినా, సూడు."

"ఈ పుస్తకం నీకు యాడ దొరికె?"

"మా లైబ్రరీలోనే ఉండాది. పన్నెండేండ్ల కిందనే సదివినా. ఎవురూ సూడకుండా పైన పెట్టేసినా."

అనూష కాగితం తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది.

"ఈ కోపం నీకు ఆ పొద్దే వచ్చుంటే, నేను ఆ తలుపు కాడ తల దించుకోని నిలబడే పనుండునా మామా?"

 

అనూష లోపలికి వెళ్ళి, ఆరేసిన బట్టలు తెచ్చి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

"రేపు తొలి బస్సుకు పోతాండాను. ఆ కాగితం ఇట్లియ్యి. తలుపుకు అంటించేది లేదు నేను. అందురూ అన్నానికి కూసున్యాక, నడిమధ్యన నిలబడి గట్టిగా సదువుతా. ఎవురు లేచిపోతారో సూస్తా."