పెగ్గుల మధ్య నేల

1996 నవంబరు, ఒక శనివారం ఉదయం. బహ్రెయిన్‌లో సిత్రా దగ్గర ఒక పాత యార్డు. అక్కడ ఉన్నవారు: ప్రాజెక్టు మేనేజరు మురళీకృష్ణగారు, విజయవాడ; ఎక్స్‌కవేటరు ఆపరేటరు ఖాజా, బోధన్; తాపీ మేస్త్రీ రాజన్న, జగిత్యాల దగ్గరి పల్లె; మట్టి పరీక్షల ల్యాబు తరఫున నేను, సామర్లకోట. నలుగురమూ తెలుగువాళ్ళమే కావడం నాకు సంతోషం కలిగించిందని ఆనాటి డైరీలో మొదటి వాక్యం. పేజీ చివరికి వచ్చేసరికి ఆ సంతోషం లేదు.

ఆ యార్డులో ఒకప్పుడు వాడేసిన ఇంజను ఆయిలును ఆమ్లంతో శుద్ధి చేసి మళ్ళీ అమ్మేవారు. శుద్ధి చేయగా మిగిలిన నల్లటి ముద్దను గుంటలు తవ్వి పోసేశారు. దాన్ని మా వృత్తిలో యాసిడ్ తారు అంటారు. చలికాలంలో గట్టిగా, బుద్ధిగా పడి ఉంటుంది. మే నెల ఎండలకు మెత్తబడి, పైన ఎంత ఇసుక కప్పినా సందు చూసుకుని పైకి ఊరుతుంది. దాని ఆవిరికి ముక్కు, కళ్ళు మండుతాయి. కాలికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆయిలు వ్యాపారం మూతపడ్డాక గుంటల మీద ఇసుక పోసి వెళ్ళిపోయారు. తరవాత ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆ స్థలం తీసుకుని తన కూలీల కోసం లేబర్ క్యాంపు కట్టాలనుకుంది. నేలను బాగుచేసి, ల్యాబు సర్టిఫికెట్ తెచ్చాకే కట్టాలన్నది ప్రభుత్వం షరతు.

బాగుచేసే మార్గం సూచించింది మా ల్యాబే. రిఫా దాటి దక్షిణంగా వెళ్తే, పని ఆపేసిన సున్నపురాతి క్వారీ ఒకటి ఉండేది. రాయి అమ్ముకున్నవాళ్ళు రాతిపొడిని కుప్పలుగా వదిలేసి పోయారు. గాలి వీచిన రోజున అటు వెళ్ళే కార్లన్నీ తెల్లబడేవి. ఆ పొడికి ఆమ్లాన్ని చంపే గుణం ఉంది. ల్యాబులో ఒక బకెట్లో తారు వేసి, పొడి పోసి, నీళ్ళు చల్లి కలిపాను. బుసబుసమని పొంగింది. కొన్నాళ్ళకు ఆరి బూడిదరంగు మట్టిగా మారింది. చేతిలోకి తీసుకుని నలిపితే రాలిపోయింది, వాసన లేదు. ఒకచోట దేనికీ పనికిరాదని పారేసినది ఇంకోచోట విషానికి మందైంది. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో ఇంత తృప్తినిచ్చినవి కొన్నే.

అయితే కలపాలి. అందులోనే ఉంది అంతా. తారు జిగట; పొడి పైన పోస్తే పైనే ఉంటుంది. ఆవకాయ కలిపేటప్పుడు అడుగు నుంచి ఎత్తి తిరగేస్తారు చూడండి, అలా ఎక్స్‌కవేటరుతో గుంట అడుగుదాకా తిరగేసి, తడిపి, ఆరనిచ్చి, మళ్ళీ తిరగేయాలి. పొడి ఊరికే వస్తుంది. కంపెనీకి ఖర్చల్లా ఒక యంత్రం, దాని డీజిలు, కొద్ది వారాల ఓపిక.

కలిపారా లేదా అని తేల్చడానికి శాంపిల్ పెగ్గులుంటాయి. అంటే ఎర్రరంగు పూసి నేలలో దిగ్గొట్టిన ఇనుప చువ్వలు. ఎక్కడ మట్టి తీసి పరీక్షించాలో వాటితో గుర్తుపెడతారు. డ్రాయింగు ప్రకారం పని మొదలవక ముందే పెగ్గులు పాతేయడం అప్పట్లో అక్కడ అందరి పద్ధతీ.

ఆ శనివారం పెగ్గు పెగ్గుకీ వెళ్ళి ఆగర్ దించాను. ఆగర్ అంటే చేత్తో తిప్పుతూ నేలలోకి దించే పొడవాటి బర్మా. లోపలి మట్టిని పైకి తెస్తుంది. ప్రతిచోటా చక్కటి బూడిదమట్టి వచ్చింది. తడిపి పీహెచ్ కాగితం ముంచితే ఆకుపచ్చ రంగు. ఆమ్లం పోయిందన్నమాట. మురళీకృష్ణగారు వెనకాలే నడుస్తూ సర్టిఫికెట్ ఫైలు చంకలో పెట్టుకుని ఉన్నారు.

"మూర్తిగారూ, ఇంకేంటి, దిట్టంగా వచ్చింది కదా. సంతకం పెట్టేస్తే రాజన్నవాళ్ళు పునాది మొదలుపెడతారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. మా ఆవిడ గోంగూర తెప్పించింది."

పెన్ను తీసుకోబోతూ తలెత్తాను. పొద్దుటి ఎండ నేల మీద ఏటవాలుగా పడుతోంది. పొడి కలిపిన మట్టి పొంగుతుంది, కలపని నేల అణిగి ఉంటుంది. ప్రతి పెగ్గు చుట్టూ నేల పూరీలా ఉబ్బి ఉంది. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య చాపలా పరుచుకుని ఉంది.

ఆగర్ తీసుకుని రెండు పెగ్గుల మధ్యకు నడిచాను.

"అక్కడెందుకండీ? డ్రాయింగులో అక్కడ పాయింటు లేదుగా," అన్నారు మురళీకృష్ణగారు.

మూరెడు లోతుకే ఆగర్ బరువెక్కింది. పైకి లాగితే నల్లటి ముద్ద, మెరుస్తూ. ఆవిరికి కళ్ళు మండి నీళ్ళు కారాయి. పీహెచ్ కాగితం ఎర్రగా అయిపోయింది. ఇంకోచోట దించాను, అదే. మరోచోట, అదే.

ఖాజాను పిలిచాను. అతను క్యాబిన్లోంచి దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఖాజా భాయ్, ఇక్కడ కలపలేదా?"

అతను మేనేజరు వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. "పెగ్గుల కాడ మంచిగ కలుపుమన్నరు సాబ్. నడిమిట్ల పైపైన పొడి సల్లి, గీకి పొమ్మన్నరు. మీరు జూసేది గూడ పెగ్గే గద. నేనైతె అదే కానూన్ అనుకున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు పట్టడానికి పెట్టిన గుర్తులే తప్పు ఎక్కడ దాచాలో చెప్పే గుర్తులయ్యాయి. అదీ డీజిలు మిగుల్చుకోవడానికి. మందు ఊరికే దొరికింది, పట్టించడానికి చేతులు రాలేదు.

"మురళీకృష్ణగారూ, దీని మీద మనుషులు పడుకుంటారండీ."

"దీని మీదేంటండీ, మధ్యలో అడుగు మందాన మట్టి వేస్తున్నాం, పైన కాంక్రీటు పోస్తున్నాం. మీరు మరీ చాదస్తం చేస్తున్నారు."

"మే నెలలో ఆ కాంక్రీటు అంచుల్లోంచి పైకొస్తుంది."

"మేలో సంగతి మేలో చూద్దాం. మెథడ్ స్టేట్‌మెంటులో ఏముంది? పెగ్గు దగ్గర పరీక్ష. పెగ్గు దగ్గర పాసైందా, లేదా? అది చెప్పండి."

మెథడ్ స్టేట్‌మెంటు అంటే పని ఎలా చేయాలో ముందే రాసుకునే పత్రం. అందులో నిజంగానే అలా ఉంది. అక్షరం ప్రకారం ఆయనదే గెలుపు. నా జీవితంలో అంత కోపం తెప్పించిన గెలుపు ఇంకొకటి లేదు.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

"ఊళ్ళో మీదొక్కటే ల్యాబా? రేపు పొద్దున్నే ఇంకొకరొస్తారు," అంటూ ఆయన ఫోను కోసం ఆఫీసు క్యాబిన్లోకి వెళ్ళిపోయారు. గోంగూర సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అంతవరకూ వెనక నిలబడ్డ రాజన్న అప్పుడు నా మీదికి వచ్చాడు. మేనేజరు మీదికి కాదు, నా మీదికి.

"నువ్ సంతకం పెట్టకుంటె మాకేం ఫాయిద సార్? హూరా బస్తీల ఒక్క గదిల పద్నాలుగు మందిమి ఉంటున్నం. వంతులు పెట్టుకొని పండుతం. ఒగడు డ్యూటీకి పోతె వాని మంచం మీద ఇంకొగడు. ఇయ్యాల పునాది, రెండు నెలల్ల కొత్త గది అని అందరికి జెప్పిన. ఇప్పుడు పొయ్యి ఏం జెప్పాలె? సారుకు వాసన నచ్చలేదని జెప్పాల్నా?"

ఆగర్ అతని చేతికిచ్చాను. "నువ్వే దించు రాజన్నా, నీకు నచ్చిన చోట."

అతను విసురుగా నాలుగడుగులు వేసి, దించి, తిప్పి, లాగాడు. ముద్దను దగ్గరగా చూడబోయి మొహం తిప్పుకున్నాడు. చాలాసేపు దగ్గాడు.

"దుబాయికొచ్చి పదేండ్లాయె," అన్నాడు చివరికి. బహ్రెయిన్ అయినా అతనికి దుబాయే. "మమ్ముల ఎండల నిలబెట్టిన్రు, ఊకున్నం. నీళ్ళు లేని కాడ ఉంచిన్రు, ఊకున్నం. గిప్పుడు గీ విషం మీద పండవెడ్తరా?"

"మళ్ళీ సరిగ్గా కలిపితే బాగవుతుంది," అన్నాను.

"ఎన్ని దినాలు?"

"నెల పట్టొచ్చు."

"నెల," అన్నాడు. ఖాజా పక్కనే నిలబడి, "నేను కలుపుత రాజన్నా, చెప్పినోడుంటె," అన్నాడు. "నువ్ కలుపుతవ్. నెల మేం పండాలె గదా ఆ గదిల, నువ్వా?" అన్నాడు రాజన్న. ఇద్దరూ నవ్వారు గాని ఆ నవ్వు బాగాలేదు. నాకు బాధ కలిగించింది అదే. దొంగపని ఒకరిది, దాన్ని సరిచేయడానికి పట్టే నెల భరించేది మాత్రం వీళ్ళు.

సాయంత్రం నివేదిక రాశాను. పెగ్గుల దగ్గర ఫలితం, పెగ్గుల మధ్య ఫలితం, రెండూ రాసి, స్థలం నివాసానికి పనికిరాదని సంతకం చేశాను. మా ల్యాబు యజమాని చదివి, పార్టీ చేజారిపోతుందని గొణిగాడు గాని ఆపలేదు.

మర్నాడు ఆదివారం. నివేదిక ఇవ్వడానికి ఉదయాన్నే యార్డుకు వెళ్ళాను. రెండో ల్యాబు టెక్నీషియన్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు, కేరళ మనిషి. డ్రాయింగు విప్పి పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. నేల మీద ఒక్క పెగ్గు లేదు. చదునుగా గీరేసి ఉంది, ఉబ్బులు కూడా కనబడటం లేదు. చువ్వలన్నీ ఆఫీసు క్యాబిన్ మెట్టు పక్కన కట్టెలమోపులా పేర్చి ఉన్నాయి.

మురళీకృష్ణగారి మొహం కందిపోయింది. "ఎవడు పీకాడ్రా ఇవి?"

ఖాజా ఎక్స్‌కవేటరు అద్దం తుడుస్తున్నాడు. "గాలికి లేసిపోయినయేమో సాబ్," అన్నాడు, తల తిప్పకుండా.

"పాయింట్ కిధర్ హై భాయ్?" అని అడిగాడు టెక్నీషియన్. ఎక్కడ తీయాలని.

పక్కన ఆగి ఉన్న కంపెనీ బస్సులోంచి రాజన్న దిగాడు. గీరిన నేల మీద గదుల కొలతలకు సున్నం గీతలు నేను వచ్చేలోపే వాళ్ళ జట్టు గీసింది. ఒక గీత దాటి లోపలికి నడిచి, ఒక మూల నిలబడ్డాడు. "ఈడ తీయి భాయ్. ఈడ నా మంచం."

అతని వెనక ఇంకొకడు దిగాడు, తరవాత మరొకడు. ఎవరి మూలలోకి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. బస్సు డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతూ హారన్ కొడుతున్నా కదల్లేదు. పెగ్గులుండాల్సింది ఎక్కడో నాకు అప్పుడు తెలిసింది. ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పని పూర్తయ్యేదాకా పెగ్గు పాతనివ్వలేదు. పాతే ముందు ఆ స్థలంలో ఎవరు ఎక్కడ పడుకుంటారో అడిగేవాణ్ణి.

టెక్నీషియన్ ఒకసారి మురళీకృష్ణగారి వైపు చూశాడు, ఒకసారి నా వైపు. తరవాత డ్రాయింగు మడిచి జేబులో పెట్టుకుని, రాజన్న కాళ్ళ దగ్గర ఆగర్ ఆనించి తిప్పడం మొదలుపెట్టాడు. పైకి లాగేసరికి నల్లగా మెరుస్తోంది. అది చూసి, మేనేజరు చెప్పేదాకా ఆగకుండా, ఖాజా మళ్ళీ కలపడానికి యంత్రం స్టార్టు చేశాడు.