నొప్పి ఎవరి పేరున రాయాలి?

మా అత్తయ్యకు కడుపునొప్పి వస్తే మందు మనం వేసుకోవాలి. ఇది అతిశయోక్తి కాదు. ఆరు వారాలు ఆవిడ ఇంట్లోనే ఉండి, నోటుపుస్తకంలో గళ్లు గీసి, పూటపూటా నమోదు చేసి చెబుతున్న మాట. తన ఒంట్లో పుట్టిన బాధను తన దగ్గర ఉంచుకోవడం ఆవిడకు చేతకాదు. అది పుట్టిన మరుక్షణమే ఎదురుగా ఉన్న మనిషికి అంటగట్టి, ఆ మనిషికి సేవలు మొదలుపెడుతుంది.

బరువు తగ్గడానికి ఆవిడ కడుపును కోసి అరటిపండంత చేశారు. తినడం మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకోమన్నారు. చిన్న చెంచాతో తినాలి, ప్రతి చెంచానూ ఇరవై సార్లు నమలాలి, చెంచాకూ చెంచాకూ మధ్య నిమిషం ఆగాలి, భోజనానికి ముందూ వెనకా అరగంట నీళ్లు ముట్టరాదు. ఇరవై ఆరేళ్లుగా కుట్టు కార్ఖానాలో సూపర్‌వైజరుగా ఉండి, ఆరు నిమిషాల్లో క్యారియరు ఖాళీ చేసి మిషన్ల దగ్గరికి పరుగెత్తిన మనిషికి ఈ నియమాలు చెప్పడం తేలిక, పాటించేలా చూడడం కష్టం. "నువ్వు చదివింది మనుషుల్ని చూసి రాసుకునే చదువేగా! వెళ్లి మీ అత్తని చూసి రాయి," అని మా నాన్న నన్ను పంపించాడు.

మొదటి రోజే నా చదువుకు పరీక్ష ఎదురైంది. మెదిపిన బంగాళాదుంప రెండు చెంచాలు గబగబా మింగి, అత్తయ్య హఠాత్తుగా బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ మీద ఉంది, నుదుటి మీద చెమట పోసింది.

"ఏమైంది అత్తయ్యా?"

"నాకేమైంది? నీ మొహమే పాలిపోయింది. లే, నాలుగడుగులు వేద్దాం."

"నేను బాగానే ఉన్నాను."

"ఉంటే మొహం ఇలా ఉంటుందా? నడువు!"

నా భుజం పట్టుకుని భోజనాల బల్ల చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేయించింది. పదకొండో చుట్టులో ఆవిడకు పెద్ద తేన్పు వచ్చింది. "చూశావా, నీకిప్పుడు తేలికైంది," అంది సంతృప్తిగా. విచిత్రమేమిటంటే, నిజంగానే తేలికైంది. ఈ సంగతి ఏ గడిలో రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరకు 'ఎవరి కడుపు?' అని కొత్త గడి ఒకటి గీశాను. ఆ గడి నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

మావయ్య గడియారాలు బాగుచేస్తాడు; ఎక్కువగా మాట్లాడడు. ఒకనాడు అత్తయ్య మా కంట పడకుండా తీపి కస్టర్డు మూడు చెంచాలు లాగించింది. పావుగంటకల్లా కాళ్లు వణికాయి, కడుపు మెలిపెట్టింది. వెంటనే పేపరు చదువుకుంటున్న మావయ్య చేతిలోంచి పేపరు లాక్కుంది.

"మీరు పడుకోండి. ఒళ్లంతా వణుకుతోంది."

మావయ్య కళ్లజోడు తీసి, బుద్ధిగా పడుకున్నాడు. నేను పక్కన చేరి, రహస్యంగా అడిగాను. "మావయ్యా, నిజం చెప్పు. నీకు వణుకుగా ఉందా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "ఇందాకటి దాకా లేదమ్మా. మీ అత్త అన్నాక కొంచెం మొదలైంది."

నెల తిరిగేసరికి ఆవిడ మెత్తటి తిండి మావయ్యక్కూడా అమలైంది. ఆయన ప్యాంటు జారిపోకుండా బెల్టుకు కొత్త చిల్లు పెట్టించుకున్నాడు. ఆపరేషన్ ఒకరికి, బెల్టు చిల్లు మరొకరికి! నా పుస్తకంలో ఇలాంటి ఫలితానికి చోటు లేదు.

నాలుగో వారంలో అత్తయ్య మళ్లీ పనిలోకి వెళ్లింది. మొదటి రోజే క్యారియరులోది అలవాటుగా గబుక్కున మింగి, కత్తిరింపు బల్ల దగ్గర తూలింది. మేనేజరు కంగారుపడి, ఆవిడకొక ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. కడుపు బాధ పెట్టినప్పుడల్లా విశ్రాంతి గదికి వెళ్లవచ్చు, సాయంగా తోటి పనివాళ్లలో ఒకరిని తీసుకెళ్లవచ్చు, పుస్తకంలో సంతకం చేస్తే చాలు. ఆయన చెడ్డవాడేం కాదు. లైను ఆగితే ఆయన గుండె ఆగుతుందంతే. అందుకే మిగతావాళ్లెవరూ పనివేళల్లో ఆ గది గడప తొక్కరాదు.

రెండు వారాలు తిరక్కుండానే మేనేజరు ఆ పుస్తకం నకలు మా ఇంటికి పంపాడు. 'పెద్దక్క ఆరోగ్యం ఏమీ బాగా లేదు. డాక్టరుకు చూపించండి. ఇలాగే ఉంటే ఆ చోట్లో ఇంకొకరిని వేసుకోక తప్పదు,' అని చీటీ జతచేశాడు. కార్ఖానాలో అందరికీ అత్తయ్య పెద్దక్కే. నకలు తిరగేసి తెల్లబోయాను. ఇంట్లో నొప్పి తనదని ఒక్కసారీ ఒప్పుకోని మనిషి, అక్కడ రోజుకు నాలుగైదు సార్లు 'కడుపునొప్పి' అని రాసి, కింద స్వయంగా సంతకం చేసింది!

పుస్తకాలు రెండూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాం.

"ఎలా ఉందమ్మా?"

"నేను రాయిలా ఉన్నాను డాక్టరు గారూ. మా మేనకోడలికే తిన్నది ఇక్కడ అడ్డుపడుతోంది," అంటూ అత్తయ్య తన ఛాతీ చూపించింది.

డాక్టరు నావైపు తిరిగాడు. "మీకు ఆపరేషన్ ఎప్పుడైంది?"

"నాకు కాలేదండీ. నేను రాసుకోవడానికి వచ్చాను."

"ఏం రాసుకోవడానికి?"

"నొప్పి ఎవరికి వచ్చిందో."

"ఎవరికి వచ్చింది?"

"అదే తేలడం లేదండీ."

ఆయన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇంట్లో నొప్పులు తగ్గుతున్నాయి, కార్ఖానాలో పెరుగుతున్నాయి. "నాకూ అర్థం కావడం లేదు," అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. "వారం చూద్దాం. ఇలాగే ఉంటే గొట్టం వేసి లోపల చూడాలి. మూడు నెలలు పని మానెయ్యాలి."

మూడు నెలలంటే ఆవిడ బల్ల దగ్గర వేరే మనిషి నిలబడుతుంది. దారంతా అత్తయ్య ఎవరి మొహమూ పాలిపోయిందనలేదు. నాకు భయం వేసింది.

మర్నాడు కార్ఖానాకు వెళ్లి, మేనేజరుకు చెప్పి, విశ్రాంతి గదిలో కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒంటిగంట దాటాక తలుపు తెరుచుకుంది. అత్తయ్య "అమ్మో, అయ్యో" అని మూలుగుతూ, రెండుగా వంగిపోయి, కాజాలు కుట్టే ఆవిడ భుజం మీద వాలి వచ్చింది. తలుపు మూసుకుంది. అంతే! అత్తయ్య నిటారుగా నిలబడింది. కాజాల ఆవిడ మోకాళ్లు ముడుచుకుని మంచం మీద వాలింది. అత్తయ్య వేడినీళ్ల సంచి తెచ్చి ఆవిడ పొట్ట మీద పెడుతూ, అప్పుడు చూసింది నన్ను.

"నువ్వెప్పుడొచ్చావే?"

"నొప్పి నీకు కదా అత్తయ్యా?"

"మెల్లగా! దానికి నెలసరి నొప్పి. మేనేజర్ని అడిగితే సాయంత్రం దాకా ఓర్చుకోమంటాడు. నా కడుపుకైతే అడ్డు లేదుగా."

నేను గదిలోని సంతకాల పుస్తకం తెరిచాను. "మరి పొద్దున పదకొండింటి నొప్పి?"

"ఇస్త్రీ దగ్గరుండే ఆవిడది. ఐదో నెల, నిలబడలేకపోతోంది."

"మొన్న మూడింటిది?"

"కాలర్లు కుట్టే దానిది. పిల్లకి జ్వరమని నాలుగు రోజులుగా దానికి కంటిమీద కునుకు లేదు."

"ఇందులో నీవి ఏవి?"

అత్తయ్య చాలాసేపు గుర్తుచేసుకుంది. "మంగళవారం ఒకటి నాదే అనుకుంటా."

మంచం మీది ఆవిడ కళ్లు మూసుకునే నవ్వింది. "అది కూడా నాదే పెద్దక్కా."

"అయితే రాసుకో, ఏమీ లేవు," అంది అత్తయ్య నాతో.

"మరి ఇక్కడ నువ్వు తినేదెప్పుడు?"

"తినే తీరికేది? సాయంత్రం బస్సెక్కే ముందు అంతా ఒక్క ఊపులో తినేస్తా."

సాయంత్రాలు ఇంట్లో మేమందరం పడుతున్న బాధల మూలం అప్పుడు బయటపడింది. కానీ నా చిక్కు తీరలేదు. నిజం చెబితే ఆ గది తలుపు మూతపడుతుంది. చెప్పకపోతే అత్తయ్య గొంతులోకి గొట్టం దిగుతుంది. వారం రోజులు ఆలోచించి, డాక్టరుకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"ఈ పుస్తకంలో నలభై మూడు నొప్పులున్నాయి. వీటిలో మీదొక్కటీ లేదా?" అన్నాడాయన.

అత్తయ్య తల దించుకుంది. "ఉంటే దాస్తానా డాక్టరు గారూ!"

ఆయన కాగితం తీసి రాశాడు. 'ఈమె కడుపు చిన్నది. పనివేళల్లో రోజుకు ఐదుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, విశ్రాంతి గదిలో కూర్చుని కొద్దికొద్దిగా తినాలి. తూలే ప్రమాదం ఉన్నది కనుక ఒకరు తోడుండాలి.' రాసింది చదివి వినిపించాడు. "ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను మీకు మొదటి రోజే రాసివ్వవలసింది. కానీ ఐదుసార్లూ తినాలి. తినకపోతే నేనే వచ్చి మేనేజరుతో మాట్లాడతాను."

మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మిషన్ల ముందున్న ఆడవాళ్ల వైపు ఒకసారి, అత్తయ్య వైపు ఒకసారి చూశాడు. "అంతా బాగానే ఉంది పెద్దక్కా. కానీ తోడుకి ప్రతిసారీ వేరే మనిషెందుకు?"

"ఒక్కరినే విసిగిస్తే పాపం కదండీ," అంది అత్తయ్య.

ఆయన దాని మీద ఇంకేమీ అడగకుండా సంతకం చేశాడు.

నేను ఊరికి బయల్దేరే రోజు చెప్పి వెళదామని కార్ఖానాకు వెళ్లాను. విశ్రాంతి గది తలుపు ఓరగా తీసి ఉంది. ఇస్త్రీ ఆవిడ మంచం మీద సన్నగా గురక పెడుతోంది. అత్తయ్య స్టూలు మీద కూర్చుని పెరుగు తింటోంది. చెంచా గిన్నెకు తగిలి చప్పుడైతే మంచం మీది మనిషి లేస్తుందని, కొసన కాస్త తీసుకుని, నోట్లో పెట్టుకుని, గిన్నె వైపే చూస్తూ చాలాసేపు చప్పరించి, అప్పుడు గాని రెండో చెంచాకు చెయ్యి కదపడం లేదు. డాక్టరూ, మావయ్యా, నేనూ కలిసి ఆరు వారాలు చెప్పినా ఆవిడ అంత నెమ్మదిగా ఒక్కనాడూ తినలేదు.