క్లచ్ మీద కాలు

నా చిన్నప్పుడు, మూడో తరగతితో నా చదువు ఆగిపోయిన ఏడే, మా మేనమామకు పని పోయింది. ఆయన మా ఊరి పత్తి మిల్లు షావుకారుకి కారు డ్రైవరు. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క కారే.

తీసేసిన తీరు చెప్పాలి. షావుకారు వయసులో ఎడ్లబండి తోలి పైకొచ్చిన మనిషి. బండి నొగ మీద కాలు ఆనించి కూర్చునే అలవాటు కారులోకీ తెచ్చుకున్నాడు. సరదా పుట్టి తనే తోలుకున్నప్పుడల్లా ఎడమ కాలు క్లచ్ పెడల్ మీద పెట్టి, ఊరు చుట్టి వచ్చేదాకా తీసేవాడు కాదు. అలా ఆనిస్తే లోపలి ప్లేటు గట్టిగా పట్టుకోదు. జారుతూ, రాసుకుంటూ అరిగిపోతుంది. మామయ్య రెండుసార్లు మర్యాదగానే చెప్పాడు. "నాకే నేర్పుతావట్రా?" అన్నాడాయన. చివరికి ప్లేటు కాలిపోయి కారు ఆగిపోయిన రోజున, మిల్లు వాకిట్లో కూలీలందరి ముందు, "ఈ వెధవ నా కారు తినేశాడు!" అని చెప్పు తీసి మామయ్య మీదికి విసిరాడు.

చెప్పు తగల్లేదు. మాట తగిలింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. క్లచ్ తినేవాడని పేరు పడ్డ డ్రైవరు చేతికి బండి ఎవరిస్తారు? బస్సు కంపెనీ వాళ్లు గుమ్మంలోంచే పంపేశారు.

అమ్మమ్మ వెళ్లి కాళ్లావేళ్లా పడతానంది. మామయ్య పడనివ్వలేదు. షావుకారు గుంటూరు నుంచి కొత్త ప్లేటు తెప్పించాడు, కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. "ప్లేటు మారింది, డ్రైవరు మారాడు. ఆ కాలు మారలేదుగా. చూద్దాం" అన్నాడు మామయ్య. అన్నం తింటూ మామూలుగానే అన్నాడు.

ఆ ఏడు ఆయన మిరప కల్లంలో కూలికి కుదిరాడు. అమ్మమ్మతో పాటు నేనూ రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వెళ్లేదాన్ని. కల్లం పక్కనే కాలువ కట్ట. మిల్లుకు దగ్గరి దారి ఆ కట్ట మీదుగానే, కారు రోజూ అది ఎక్కేది. మామయ్య నాకు వినడం నేర్పాడు. ఇంజను గొంతు పెరిగితే దాంతో పాటే కారు వేగమూ పెరగాలి. గొంతు పెరిగి కారు అక్కడక్కడే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. ఆ తర్వాత వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఎంత మిరప ఘాటులోనైనా ఆ వాసన ముక్కుకు తెలిసిపోతుందన్నాడు.

మొదటి కోత కాయలు ఎండేటప్పుడు ఏమీ వినపడలేదు. మూడో కోత నాటికి వినపడింది. "మామయ్యా, అరుస్తోంది గానీ కదలట్లేదు" అన్నాను. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. కొత్త డ్రైవరు మంచినీళ్లకని కల్లంలోకి వచ్చినప్పుడు, పెడల్ పూర్తిగా పైకి వస్తేగానీ బండి పట్టుకోవడం లేదనీ, షావుకారుకు చెబితే తిట్టాడనీ వాపోయాడు. మామయ్య అతని చెంబు నింపి పంపేశాడు.

నాలుగు రోజులకు షావుకారే కారు తోలుకుంటూ వచ్చాడు. పక్కన డ్రైవరు, వెనక చీరాల నుంచి పత్తి కొనడానికి వచ్చిన పెద్దమనుషులిద్దరు. సగం కట్ట ఎక్కి కారు ఊళ్లు అదిరేట్టు అరిచి, ముందుకు పోలేక వెనక్కి జారి, కల్లం ముందు ఆగింది. వాసన గుప్పుమంది. సీట్లో కూర్చునే షావుకారు డ్రైవరు మీద పడ్డాడు. "నువ్వూ తినేశావట్రా నా కారు!"

మామయ్య కాయలు తిరగేసే పలక కింద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్లి కారు తలుపు బార్లా తీశాడు. "చూడండర్రా, కాలెక్కడుందో."

కిర్రు చెప్పు తొడిగిన ఎడమ కాలు, హాయిగా పెడల్ మీదే ఉంది.

"ఓ బాబో! కాలు తియ్యండి షావుకారుగారూ, అది ఎడ్లబండి కాదు!" అంది ఒకావిడ. కల్లమంతా పడీ పడీ నవ్వింది. మా అమ్మమ్మ కూడా.

మామయ్య అక్కడితో వదల్లేదు. షావుకారుని దింపి తను కూర్చున్నాడు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, టాప్ గేరు వేసి, అందరికీ వినపడేలా చెప్పాడు. "ఇప్పుడు క్లచ్ వదుల్తున్నా. ప్లేటు బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలి." వదిలాడు. ఇంజను ఆగలేదు. చీరాల వాళ్లు ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకున్నారు.

"ఈ ప్లేటు వేశాక నేను మీ కారు ముట్టలేదండి. మరి ఎవరు తిన్నారు?"

షావుకారు గొంతు తగ్గించాడు. "సర్లేరా. బండి మిల్లుకు చేర్చు. రేపట్నుంచి పన్లోకి రా."

"ఆ మాట వెనక్కి తీసుకోండి. మిల్లు వాకిట్లో ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా."

ఆయన చీరాల వాళ్ల వైపు చూశాడు. మా వైపు చూశాడు. "వాడు తినలేదు. తప్పు నాదే" అన్నాడు.

"వినపడలేదు బాబూ!" అంది వెనక నుంచి మా అమ్మమ్మ. మళ్లీ అనక తప్పలేదు.

ప్లేటు అంత అరిగాక కట్ట ఎక్కించకూడదు, బరువు ఉంచకూడదు, ఇంజను రేపకూడదు. అందర్నీ దింపేసి, ఖాళీ కారుని మామయ్య మొదటి గేరులోనే మెల్లగా, చదునుగా ఉన్న పొలం బాటన చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. షావుకారు ఆ దుమ్ములో మిట్టమధ్యాహ్నం వెనకే నడిచాడు. ఇంకాస్త వేగంగా పోయినా ఏమీ అయ్యేది కాదనీ, కావాలనే పోలేదనీ మామయ్య తర్వాత చెప్పాడు. తాళాలు కొత్త డ్రైవరు చేతికిచ్చి, ప్లేటు మార్చేదాకా ఎవరు ఎక్కించమన్నా కట్ట ఎక్కించొద్దని చెప్పి తిరిగొచ్చేశాడు. ఆ నెలలోనే బస్సు కంపెనీ వాళ్లు పన్లోకి రమ్మని కబురు పంపారు.

నాకు షావుకారు మీద జాలి కలగలేదు. ఈ వయసులోనూ కలగడం లేదు. ఓర్చుకుని వదిలెయ్యమని మా కోడళ్లు అంటుంటారు. ఓర్చుకోవడం నాకూ వచ్చు, వదిలెయ్యడమే రాదు. చెయ్యని తప్పు నా మీద ఎవరైనా మోపితే నేను ఏడవను, వాదించను. నలుగురిలో అన్న మాటను ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకునేదాకా వాళ్లింట మంచినీళ్లు ముట్టను. మా తోడికోడలు విషయంలో పదకొండేళ్లు ఆగాను. చివరికి ఓ పెళ్లి పందిట్లో నా దగ్గరకొచ్చి, తప్పు తనదేనని చెవిలో అంది.

గట్టిగా అనమన్నాను.