బొమ్మలో మోగని డ్రమ్ములు

మరమగ్గాల షెడ్డులో నాకిష్టమైన రాక్ బ్యాండు కచేరీ చేస్తున్నట్టు ఒక బొమ్మ వెయ్యమని ఏఐని అడిగాను. నేను సిరిసిల్లలో పుట్టి పెరిగినవాణ్ణి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఆ మాట దానికి తెలియదని ఇంగ్లీషులోనే వివరంగా రాసిచ్చాను. ఇనుప సాంచాలు, పైన రేకులు, గాలిలో నూలు నుసి, నడుమ డ్రమ్ములు. చిటికెలో బొమ్మ వేసి పెట్టింది. చూస్తే ఒక చెక్క మగ్గం, దాని ముందు తలపాగా చుట్టిన ముసలాయన, వెనక ఒక గుడిసె. గుడిసె ముందు పొడుగు జుట్ల గిటారు వాళ్లు. గిటారుకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ తీగలు. డ్రమ్ములు కొట్టేవాడికి ఒక చెయ్యి అదనం.

పగలబడి నవ్వాను. కోరుట్లలో నాకు పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఫోటో స్టూడియో ఉంది. పక్క కుర్చీలో కూర్చున్న మా పార్ట్‌నర్‌కు ఆ బొమ్మ చూపించి, "దీనికి తెల్వకుంటే తెల్వదని చెప్పదన్నా. ఏదో ఒకటి పెట్టి సందు పూడుస్తది" అన్నాను. తెలివైన మాట అన్నానని మురిసిపోయాను కూడా. ఆ మాట తిరిగొచ్చి నన్నే పట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

అసలు ఈ బొమ్మల పిచ్చి సరదాకు పట్టింది కాదు. భయానికి పట్టింది. కొన్నాళ్లుగా నా ఎడమ చెవిలో కీచురాయి అరిచినట్టు సన్నటి కూత. ఆగదు. కుక్కర్ కూత వెయ్యలేదనుకుని నేను పక్కనే నిలబడి ఉంటే, మా ఆవిడ లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి బంద్ చేసింది. "పక్కనే ఉండి గూడ ఇనవడ్తలేదా నీకు?" అన్నది. ధ్యాస ఎటో ఉందని చెప్పాను. నాకు మా బాపు గుర్తొచ్చాడు.

మా బాపు బతుకంతా సాంచాలు నడిపాడు. ఇప్పుడు ఆయన చెవి దగ్గర టపాకాయ పేలినా తల తిప్పడు. మా వాడలో దాన్ని రోగం అనరు. ఆ వయసు వాళ్లందరిదీ అదే కథ. ఎవరైనా పిలిస్తే పలకకపోతే "సాంచల మనిషి" అని నవ్వి ఊరుకుంటారు. షెడ్డులో మాట వినిపించదు కాబట్టి అక్కడ మాట్లాడే పద్ధతే వేరు. ముందు భుజం తట్టాలి. మొహం తనవైపు తిప్పుకోవాలి. తర్వాత గొంతు తీయకుండా నోరు పెద్దగా తెరిచి, పెదవులతో ఒక్కొక్క మాటా చెప్పాలి. మా అమ్మా బాపూ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకునేవాళ్లు. పోట్లాడుకున్నా అంతే. పక్కింటి వాళ్లకు మా ఇంటి గొడవలు ఏనాడూ తెలియలేదు.

నేను ఆ చప్పుడులోనే నిద్రపోయినవాణ్ణి. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. కాలేజీ రోజుల్లో కోరుట్ల మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి సినిమా పాటలు ఎక్కించుకుంటే, షాపాయన మిగిలిన జాగా ఖాళీ ఎందుకని ఒక ఇంగ్లీషు పాటల ఫోల్డరు కూడా వేసిచ్చాడు. బస్సులో ఆ డ్రమ్ములు విన్నప్పుడు నాకు ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు కానీ ఏడుపొచ్చింది. మా షెడ్డుకు పాట నేర్పినట్టు ఉంది. ఆ రోజు నుంచి ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తీసింది లేదు. సౌండు తగ్గించిందీ లేదు.

అందుకే ఈ కూత మొదలైనప్పుడు నన్ను నేనే పరీక్ష చేసుకున్నాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట పెట్టుకున్నాను. అన్నీ వినిపించాయి. డ్రమ్ముల పక్కన మోగే తాళాల సన్నటి గలగల, గిటారు చివర గీరుడు, పాట మొదలు కాకముందు పాడేవాడు తీసే ఊపిరి. హమ్మయ్య అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక జగిత్యాలకు పోయాను.

చెవుల డాక్టరు దగ్గర ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. చేతిలో ఒక బటన్ ఇచ్చారు. సౌండు వినిపించినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల ఒక అమ్మాయి మిషను ముందు కూర్చుంది. కూ అని ఒక శబ్దం. నొక్కాను. మళ్లీ కూ. నొక్కాను. పోను పోను సన్నబడింది. అయినా నేను ఒక్కటి కూడా వదల్లేదు. ఫస్టు క్లాసులో పాసవుతున్నానని లోపల గర్వంగా ఉంది. ఆ అమ్మాయి మాత్రం నావైపు చూసి, మిషను వైపు చూసి, లేచి లోపలికి వచ్చింది.

"అన్నా, ఎడమ చెవికి నేను సౌండ్ బంద్ చేసి శానసేపైంది. నువ్వు ఒత్తుకుంటనే ఉన్నవ్" అన్నది.

"లేదమ్మా, ఇనవడ్డది నాకు."

"నేను ఇయ్యందే ఎట్ల ఇనవడ్తదన్నా?"

దబాయించలేదు నేను. నిజంగానే విన్నాను. ఆ కూ నా చెవిలో పడింది, దాని మీద ఎంత ప్రమాణమైనా చేసేవాణ్ణి. జరిగింది ఏమిటంటే, ఆ అమ్మాయి శబ్దానికీ శబ్దానికీ మధ్య ఒకే ఎడం ఇస్తూ పోయింది. సాంచాల చప్పుడులో పెరిగినవాడికి ఒక దెబ్బ, ఇంకో దెబ్బ తగిలితే చాలు, మూడోది ఎప్పుడు పడుతుందో ఒంటికే తెలిసిపోతుంది. నా వేలు ఆ దరువు పట్టుకుని నడిచింది. నా తలకాయ ఆ దరువుకు తగ్గ శబ్దాన్ని కల్పించి ఇచ్చింది.

ఆ అమ్మాయి ఈసారి మధ్య ఎడం మార్చి మార్చి ఇచ్చింది. నా వేలు బటన్ మీద ఊరికే పడి ఉంది. అంత సేపు ఏమీ వినిపించకుండా కూర్చోవడం నేను జన్మలో ఎరుగను.

సన్నటి శబ్దాలు రెండు చెవులకూ అందకుండా పోతున్నాయని, ఎడమ దాంట్లో చాలా పోయాయని డాక్టరు చెప్పాడు. చిన్నప్పటి చప్పుడు, తర్వాత ఈ ఇయర్‌ఫోన్లు. పోయింది తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు. చెవికి మిషను పెట్టుకోమన్నాడు. తల ఊపి బయటపడ్డాను.

కోరుట్ల బస్సులో అదే పాట పెట్టుకున్నాను, సౌండు బాగా తగ్గించి. అన్నీ వినిపించాయి. తాళాలు, గీరుడు, ఊపిరి. అప్పుడు పట్టుకుంది నిజమైన భయం. ఇందులో ఏది చెవిలో పడుతోంది, ఏది నా తలకాయ పెట్టి పూడుస్తోంది? గిటారుకు లేని తీగలు వేసిన ఆ ఏఐకీ నాకూ తేడా ఏముంది? దాని తప్పులు కంటికి కనిపిస్తాయి, నవ్వుకోవచ్చు. నావి నాకే తెలియవు. ఎన్నాళ్లుగా ఇలా నన్ను నేను మోసం చేసుకుంటున్నానో తెలియదు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని భయం. బదులుగా బొమ్మలు వేయించడం ఎక్కువైంది. చెవులు పోయినా కళ్లుంటాయి కదా, నా బ్యాండు వాళ్లను కళ్లలోనన్నా పెట్టుకుందామని. కోనరావుపేట పత్తి చేలో గిటారు వాళ్లు. బుగ్గారం రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట డ్రమ్ములు. కానీ ప్రతి బొమ్మలోనూ డ్రమ్మర్ కర్ర గాలిలోనే ఉంటుంది. కిందికి దిగదు. చూస్తూ కూర్చునేవాణ్ణి. బతుకంతా ఇలాగే ఉండబోతోందా అని.

ఒక ఆదివారం మా బిడ్డను తీసుకుని సిరిసిల్ల పోయాను. దానికి ఇంకా బడి కొత్త. తాత అంటే ప్రాణం. ఆయన గడపలో కూర్చుంటే ఎదురుగా నిలబడి, రెండు చేతులతో ఆయన గడ్డం కింద గదవ పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, గొంతు తీయకుండా నోరు ఇంత చేసి ఏదో అడుగుతోంది. తాత కూడా నోరు ఇంత చేసి జవాబిస్తున్నాడు. దానికి ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకుంది. మా అమ్మ మురిసిపోయింది. నేను మాత్రం అటు చూడలేక బయటికి పోయి నిలబడ్డాను.

మొన్న బడి సెలవు రోజున దాన్ని స్టూడియోకు తెచ్చుకున్నాను. నా ఒడిలో కూర్చుని బొమ్మలన్నీ చూసింది. "నాకొకటి ఎయ్యవా డాడీ" అన్నది. ఏం కావాలో చెప్పమంటే సిగ్గుపడి, మా పార్ట్‌నర్ వినకూడదని నా ఎడమ చెవిలో నోరు పెట్టి గుసగుసగా చెప్పింది. వెచ్చటి ఊపిరి తగిలింది. మాట తగల్లేదు. మళ్లీ చెప్పమని అడగాల్సింది. అడగలేదు. దానికి ఏనుగులంటే ఇష్టం కదా, అదే అయ్యుంటుందనుకుని నవ్వుతూ తల ఊపాను. నా బ్యాండు వాళ్లు ఏనుగుల మీద కూర్చుని వాయిస్తున్నట్టు రాసిచ్చాను.

బొమ్మ వచ్చింది. మా బిడ్డ దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నేను చెప్పింది గిది కాదు" అన్నది.

అలగలేదు, ఏడవలేదు. ఒడిలోంచి దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ మధ్య నాతో ఏం చెప్పాలన్నా ముందు చొక్కా గుంజి ఎదురుగా వస్తోందని నాకు అప్పుడు తట్టింది. చిన్న చేతులు రెండూ నా గదవ కింద పెట్టి మొహం తనవైపు తిప్పుకుంది. గొంతు తీయలేదు. నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటే, నిదానంగా చెప్పింది.

"తాత. డ్రమ్స్. కొట్టాలె."

ఒక్క మాట కూడా తప్పిపోకుండా నాకు అర్థమైంది.